మొదటి గాలికి ఇద్దరు సాక్షులు

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. నాగులవలస పెద్దాసుపత్రిలో సర్జన్‌గా పనిచేసే డాక్టర్ సువర్చలకు అంత చురుకుదనం లేదు. ఆవిడ పొట్ట కోసి, పేగును చేత్తో పట్టుకుని చూసి, అప్పుడు గానీ లెక్క చెప్పదు. చెప్పాక కూడా "ఇంకోసారి చూడాలి" అంటుంది. ఇలాంటి మనిషికి ప్రభుత్వోద్యోగంలో పైకి వచ్చే యోగం లేదని జాతకం చూడకుండానే ఎవరైనా చెప్పగలరు.

పేగులకు పౌరుషం ఎక్కువ. పొట్ట కోసి వాటిని అటూ ఇటూ కదిపామా, అలిగి పని మానేసి పడుకుంటాయి. ఒకరికి రోజున్నర, ఒకరికి నాలుగు రోజులు. అవి అలక మానాయని తెలియడానికి ఆ వార్డులో చూసే గుర్తు ఒక్కటే. రోగికి కింది నుంచి గాలి పోవాలి. అది పోయేదాకా పచ్చి మంచినీళ్ళు పొయ్యరు. పోయిందంటే చాలు, గంజి, అంబలి, ఆ తర్వాత మెత్తగా అన్నం. అందుకే పొట్ట ఆపరేషన్ల వార్డులో పొద్దున్నే డాక్టరు అడిగే మొదటి మాట "నొప్పి ఎలా ఉంది?" అని కాదు. "గాలి పోయిందా?" అని.

ఈ మాట సువర్చల రోగిని అడగదు. సిగ్గున్నవాడు పోయినా పోలేదంటాడు. ఆకలేసినవాడు పోకపోయినా పోయిందంటాడు. అంచేత పక్కన స్టూలు మీద కూర్చున్న పెళ్ళాన్ని అడుగుతుంది. మొగుడి విషయంలో ఇంత నిష్పక్షపాతంగా సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ప్రపంచంలో మరొకరు ఉండరని ఆవిడ పదిహేనేళ్ళ అనుభవం.

అసలు కొందరి పేగులు తొందరగా లేస్తాయేం, కొందరివి మొండికేస్తాయేం అన్నది సువర్చల బుర్రను తొలిచిన ప్రశ్న. రక్తంలో మెగ్నీషియం అనే ఖనిజం తక్కువైతే పేగులు బద్ధకిస్తున్నాయేమోనని ఆవిడకు అనుమానం వచ్చింది. ఆపరేషన్‌కు ముందు అది కొలిచి, తక్కువుంటే భర్తీ చేసి, ఆ తర్వాత మొదటి గాలి ఎన్ని గంటలకు పోయిందో ఒక పొడవాటి నీలం నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. గంట చెప్పేది పెళ్ళాలు, గోడ గడియారం చూసి రాసేది ఎస్తేరు సిస్టర్. నలభై ఒక్కమంది అయ్యారు. గంటలు తగ్గుతున్నట్టే ఉంది. "ఉన్నట్టే ఉంది అంతే, నూట యాభైమంది అయితే గానీ నోరు విప్పకూడదు" అని సువర్చల ఎస్తేరుకు చెప్పింది. ఎస్తేరు ఎవరికీ చెప్పలేదు. నోటుబుక్కు మాత్రం బల్లమీద వదిలేసి టీకి వెళ్ళింది.

కడుపులో చల్ల కదలకుండా ఇంకో రెండేళ్ళు గడిపేసి రిటైరైపోదామనుకుంటున్న సూపరింటెండెంట్ కోదండపాణి గారు సరిగ్గా అప్పుడే అటు వచ్చారు. ఆ పుస్తకం చూశారు. చల్ల కదిలింది.

మర్నాటికి ఆసుపత్రి గేటు మీద "మన పేగు – మన బాధ్యత" అని బ్యానరు లేచింది. ఆ వారమే రాజధానిలోని పెద్దలతో జరిగిన వీడియో సమావేశంలో ఆయన గొంతు సవరించుకుని, "మా ఆసుపత్రి యందు ఖనిజ వైద్యం వలన ప్రథమ వాయు నిర్గమన కాలము గణనీయముగా తగ్గించబడినదని మనవి చేయుటకు గర్విస్తున్నాను" అన్నారు. తెరమీద ఉన్న పెద్దల్లో ఒకాయన, విశేషాధికారి పీతాంబరరావు గారు, చాలాసేపు ఆలోచించి ఒకే మాట అడిగారు.

"ఆధారం?"

"సార్?"

"పోయిందని ఎవరు చెప్పారు?"

"రోగి భార్య చెప్పిందండి."

తెరమీద నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అంటే, ప్రభుత్వ రికార్డులు పెళ్ళాల మాట మీద నడుస్తున్నాయా?" అన్నారు పీతాంబరరావు గారు. ఆ మాటకు ఆయన ఇంట్లో ఎలాంటి పర్యవసానం ఉండేదో మనకు తెలీదు. నాగులవలసలో మాత్రం ఆ సాయంత్రమే కమిటీ పడింది.

కమిటీ మొదటి సమావేశంలోనే హద్దుల తగాదా వచ్చింది. "గాలి ఎక్కణ్ణించి వచ్చినా గాలే. గాలి మా శాఖ" అన్నాడు ఊపిరితిత్తుల డాక్టరు. "గాలిని ఎవరు చూశారండీ? వినడమే కదా. వినికిడి మాది" అన్నాడు చెవి ముక్కు గొంతు డాక్టరు. ఇద్దరూ గెజిటెడ్ అధికారులే కాబట్టి ఎవర్నీ కాదనడానికి లేదు. కోదండపాణి గారు న్యాయం తెలిసిన మనిషి. ఇద్దర్నీ సాక్షులుగా వేశారు. ఒకరు గాలికి, ఒకరు చప్పుడుకి.

"మరి చప్పుడు లేనివి?" అంది సువర్చల. వెటకారంగానే అంది. ఎవరికీ అలా వినిపించలేదు.

"మంచి పాయింటమ్మా" అని సూపరింటెండెంటు గారు రాసుకున్నారు. "మోసానికి ఆస్కారం ఉన్నది వాటిలోనే."

మర్నాడు సర్క్యులరు వచ్చింది. విషయము: శస్త్రచికిత్సానంతర ప్రథమ వాయు నిర్గమనము – సాక్ష్యాధారములు – మార్గదర్శకములు – జారీ చేయుట గురించి. ఆ ప్రకారం వాయువు కార్యాలయ పనివేళలలో, అనగా పదిన్నర నుండి అయిదింటి లోపు, భోజన విరామము మినహా, ఇద్దరు గెజిటెడ్ అధికారుల సమక్షమున వెలువడవలెను. వెలువరించదలచిన రోగి అరగంట ముందుగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. శబ్దరహితమైనవి పరిగణనలోకి తీసుకోబడవు. సెలవుదినములలో సంభవించినవి సంభవించనట్లే భావించబడును. ధ్రువపత్రము లేనిదే వంటశాల నుండి రోగికి ఎట్టి ఆహారమూ ఇవ్వరాదు, బయటి నుండి అనుమతించరాదు.

బమ్మిడి తవుడు ఆ సర్క్యులరు వచ్చిన వారంలోనే పొట్ట పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. అతనిది దగ్గర పల్లె. అతనికి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోతే, ఇతణ్ణి పుట్టగానే చాటలో వేసి, గుప్పెడు తవుడుకి పక్కింటావిడకు అమ్మేసి మళ్ళీ తెచ్చుకున్నారు. అందుకని ఆ పేరు. తవుడు పేరు పెట్టుకున్నవాడు నలభై ఏళ్ళుగా ఊరూరా పెళ్ళిళ్ళలో బియ్యం వండిపెట్టాడు. వెయ్యిమంది బంతికి ఒక్క మెతుకు పలుకు లేకుండా దించగల వంటమేస్త్రి. పేగు మెలిపడితే శుక్రవారం నాడు సువర్చల పొట్ట కోసి సరిచేసింది. మెగ్నీషియం ముందే కొలిచి భర్తీ చేసింది. నీలం పుస్తకంలో అతను నలభై రెండోవాడు.

ఆదివారం పొద్దున్న సువర్చల వచ్చేసరికి తవుడు భార్య సూరమ్మ వార్డు గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"తల్లీ, వొచ్చీసింది! పాలోడు ఎల్లినాక. నాను సెవులారా ఇన్నాను. ఒకటి కాదు, రొండు!"

ఎస్తేరు అప్పటికే టైము రాసింది. ఆరూ నలభై. ఆపరేషనై నలభై గంటలు కూడా కాలేదు. సువర్చల పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. మెత్తగా ఉంది. స్టెతస్కోపు పెట్టి వింది. లోపల పేగులు గుడగుడలాడుతూ తమ పని తాము చేసుకుపోతున్నాయి. తవుడు సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"ఏం కావాలి బాబాయ్ తినడానికి?" అని అడిగింది.

దుప్పట్లోంచే వచ్చింది జవాబు. "సోడంబలమ్మా. పల్సగా. ఉల్లిపాయేస్కోని."

చోడి అంబలి, అంటే రాగి జావ, అంతకంటే మంచిది ఏముంటుందనుకుని సువర్చల కాగితం మీద రాసి పంపింది. వంటశాల నుంచి కాగితం తిరిగొచ్చింది. దానిమీద ఎర్ర సిరాతో "ధ్రువపత్రం జతపరచబడలేదు" అని ఉంది.

సోమవారం పదిన్నరకు సూరమ్మ ఆఫీసు కిటికీ ముందు నిలబడింది. గుమాస్తా ఫారం ముందుకు తోశాడు.

"సాక్షులెవరు?"

"నానే బాబూ."

"మీరు గెజిటెడా?"

"నాను ఆడి పెళ్ళాన్ని."

"అది సరిపోదమ్మా. పైగా ఆదివారం అంటున్నారు. ఆదివారం ఆఫీసు లేదు. కాబట్టి అది పోలేదు."

"పోనాది బాబూ, నాను ఇన్నాను గదా!"

"మీరు విన్నారమ్మా. ప్రభుత్వం వినలేదు" అన్నాడు గుమాస్తా, జాలిగానే. "మళ్ళీ తెచ్చుకోండి. అరగంట ముందు రాసిచ్చి."

ఈ సంగతి విన్న తవుడు సెలైను సీసా వంక చూశాడు. "అరగంట ముందల నాకేటి తెలుస్తాదే? అదేటి, రాజాం బస్సా?" అన్నాడు.

అయినా సువర్చల తనే కూర్చుని, మంగళవారం ఉదయం పదకొండు గంటలకు వెలువరించగలనని తవుడు పేర ఒక దరఖాస్తు రాసి వేలిముద్ర వేయించింది. చెప్పిన వేళకు సాక్షులిద్దరూ వచ్చి మంచానికి చెరోపక్క కుర్చీలు వేయించుకున్నారు. ఒకాయన చేతిలో గడియారం, ఒకాయన మెడలో ఏదో వినికిడి యంత్రం. వాళ్ళ వెనక సూపరింటెండెంటు గారు. తవుడు వాళ్ళను చూసి హడావుడిగా లేవబోయాడు.

"పడుకో, పడుకో. ప్రారంభించు" అన్నారు కోదండపాణి గారు.

తవుడు రెండు చేతులూ జోడించాడు. "బాబూ, తవరు కుర్సీల్లో కూకుంటే నాను తొంగోడవే తప్పు. ఆ మీద ఇదొకటా?"

అతని బాధ వాళ్ళెవరికీ అర్థం కాలేదు గానీ సువర్చలకు అర్థమైంది. పెద్దల పెళ్ళిళ్ళలో నలభై ఏళ్ళు గాడిపొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. మోతుబరులు వంట ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వస్తే నోట్లో చుట్ట తీసి వెనక్కి దాచుకునేవాడు. తుమ్మొస్తే ముక్కు పట్టుకుని దొడ్లోకి పరిగెత్తేవాడు. పెద్దమనుషుల ముందు ఏవేవి చెయ్యకూడదో వాళ్ళ అమ్మ చెప్పిన జాబితాలో ఇది మొట్టమొదటిది. అది ఆపుకోవడం అతనికి ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఇప్పుడు ముగ్గురు పెద్దలు ఎదురుగా ఉండి కానియ్యమంటే పేగుకైనా ఎలా మనసొప్పుతుంది?

సూపరింటెండెంటు గారు అప్పటికప్పుడు ఒక కాగితం టైపు చేయించి తెచ్చారు. "అధికారుల సమక్షమున వాయు విసర్జన గావించుటకు సదరు తవుడుకు ఈ కార్యాలయమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు" అని అందులో ఉంది. సంతకం, ముద్ర. తవుడు ఆ కాగితం గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని నిజంగానే ప్రయత్నించాడు. నుదుటిన చెమట పట్టింది. పన్నెండు దాటింది. ఒంటిగంటకు భోజన విరామం వచ్చి సాక్షులు లేచి వెళ్ళారు. వాళ్ళు మలుపు తిరగ్గానే, అధికారులెవరూ లేని వార్డులో, తవుడు పేగు తన పని కానిచ్చింది. గట్టిగానే. ఎస్తేరు సాక్షుల వెనక పరిగెత్తుకెళ్ళింది గానీ విరామం నిబంధనల్లో స్పష్టంగా ఉంది.

సూరమ్మ ఇక ఊరుకోలేదు. ఊళ్ళోంచి స్టీలు గిన్నెలో అంబలి తెచ్చి, చీర కుచ్చిళ్ళ మాటున పెట్టుకుని వస్తుంటే గేటు దగ్గర కాపలావాడు పట్టుకున్నాడు. గిన్నెను గుడ్డచుట్టి లక్క వేసి పరీక్షశాలకు పంపారు. గంటలో నివేదిక వచ్చింది. అంబలిలో మెగ్నీషియం కలదు. దాంతో సూరమ్మ మీద "పరిశోధనను ప్రభావితము చేయు దురుద్దేశముతో ఖనిజ పదార్థమును రహస్యముగా తరలించుచుండగా" అని ఫైలు తెరిచారు. వాళ్ళ తాతముత్తాతల నుంచి ఆ ఖనిజాన్ని కుండల్లో కాచుకు తాగుతున్నారని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

సువర్చల తిన్నగా సూపరింటెండెంటు గది తలుపు తోసుకుని వెళ్ళింది.

"ఆయన పేగు కదిలి రెండ్రోజులైంది సార్. కుట్లు మానాలంటే తిండి పడాలి. మీ కాగితం కోసం ఒక మనిషి కడుపు మాడుస్తున్నాం."

కోదండపాణి గారు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, మెత్తగా చెప్పారు. "అమ్మా, నేను నమ్ముతున్నాను. కానీ నేనిక్కడ ఉన్నది నమ్మడానికి కాదు కదా. పత్రం లేకుండా తిండి పెట్టాం, రేపు ఏదైనా అయింది, ఎవరు బాధ్యులు? ఆరోగ్య పథకంలో ఆయన కేసు కొట్టేస్తారు. మీ పరిశోధన అనుమతి పోతుంది. నా సంగతి సరే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదమ్మా."

"దేవుడు ఆదివారమే ఇచ్చాడు సార్."

"అదే కదా చిక్కు. ఆదివారం పూజారి సెలవులో ఉన్నాడు." ఆయన గొంతు తగ్గించారు. "ఇంకో ఘోరం ఉంది. సర్క్యులరు వచ్చాక వార్డు మొత్తం మీద మన సగటు నలభై ఒక్క గంటల నుంచి నూటతొమ్మిదికి పెరిగింది. ఖనిజం పనిచెయ్యడం మానేసిందేమోనని పైవాళ్ళు అడుగుతున్నారు. రేపు పీతాంబరరావు గారు స్వయంగా వస్తున్నారు. ఆయన ఎదుట ప్రత్యక్షంగా జరిగి తీరాలి. మీ తవుడే ఆధారం."

సువర్చల బయటికొచ్చి వరండాలో నిలబడింది. కోపం వచ్చింది. కోపం కన్నా సిగ్గు ఎక్కువైంది. పెళ్ళాం మాట విని గంట రాసుకున్నన్నాళ్ళూ రోగులు తిన్నారు, తేరుకున్నారు, ఇళ్ళకు పోయారు. తన నోటుబుక్కే లేకపోతే తవుడు ఆదివారమే అంబలి తాగి ఈపాటికి వార్డులో నడుస్తూ ఉండేవాడు. ఆ నీలం పుస్తకాన్ని చించి పొయ్యిలో పెడదామని, అది మొదలుపెట్టాక మొదటిసారి అనిపించింది.

బుధవారం పీతాంబరరావు గారు దిగారు. అంత పెద్ద మనిషి అంత దూరం నుంచి వస్తే గెస్టుహౌసువాళ్ళు ఊరుకుంటారా? పొద్దున్నే పెసరట్టు ఉప్మా, మినపగారెలు, ఆ పైన పదిన్నరకే భోజనం, అందులో పనసపొట్టు కూర, ఉలవచారు, గట్టి మీగడ. మొహమాటానికి పోయి ఆయన ఏదీ వద్దనలేదు. పదకొండు దాటాక పరివారంతో వార్డులోకి అడుగుపెట్టారు.

మంచం చుట్టూ పధ్నాలుగు మంది నిలబడ్డారు. చప్పుడు స్పష్టంగా వినబడాలని ఫ్యాన్లు ఆపించారు. కిటికీలు మూయించారు. పక్క మంచం మీద దగ్గుతున్న ముసలాయన్ని చక్రాల కుర్చీలో బయటికి తోశారు. తవుడు గుండెల మీద అభ్యంతరం లేదన్న కాగితం పెట్టుకుని పైకప్పు వంక చూస్తున్నాడు. దవడలు లోపలికి పోయి, పెదాలు ఎండి, మంగళవారం కన్నా ఇంకొంచెం కుంచించుకుపోయినట్టున్నాడు. సూరమ్మ మనసులో ఏ అమ్మవారికో మొక్కుకుంటోంది.

అయిదు నిమిషాలు గడిచాయి. పది. ఎవరూ కదల్లేదు. పీతాంబరరావు గారు విసుగు కనబడనీయకుండా, మంచం కాళ్ళవైపు వేలాడుతున్న కేసు షీటు చదువుదామని ముందుకు వంగారు.

అప్పుడు వచ్చింది.

మొదట సన్నగా మొదలై, మధ్యలో ధాటి పెంచుకుని, చివర్లో ఒక ప్రశ్న అడిగినట్టు ఆగింది. ఊపిరితిత్తుల డాక్టరు అలవాటు కొద్దీ గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై రెండు. ఆ తర్వాత కాసేపు ఎవరూ గట్టిగా ఊపిరి తీసుకోలేదు. అందుకు గౌరవం ఒక్కటే కారణం కాదు.

పీతాంబరరావు గారు వంగినవారు వంగినట్టే కేసు షీటు చాలా శ్రద్ధగా చదువుతున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నాను కాదు బాబూ!" అన్నాడు తవుడు.

"శుభం!" అని అరిచారు కోదండపాణి గారు. "అభినందనలు తవుడు గారూ!" ఆసుపత్రిలో చేరాక తవుడు పేరుకు గారు తగలడం అదే మొదలు.

"నాది కాదు బాబూ, మాయమ్మ తోడు! కాళ్ళకాడ నుంచి..."

సూరమ్మ మొగుడి నోరు అరచేత్తో మూసేసింది. "ఆకలికి మాట తూలతన్నాది బాబూ. ఈడిదే. నాను ముప్పయ్యేళ్ళు ఇన్నాను, నాకు తెల్దా?"

మొగుడి విషయంలో నిష్పక్షపాతంగా సాక్ష్యం చెప్పే ఆ మనిషి అబద్ధమాడటం సువర్చల వినడం అదే మొదటిసారి.

పీతాంబరరావు గారు నెమ్మదిగా నిటారుగా లేచారు. తవుడు వంక ఎంతో దయగా చూశారు. "మొహమాటపడవద్దు. ప్రకృతి సహజం. ప్రభుత్వం అర్థం చేసుకుంటుంది."

ఫారం ముందుకొచ్చింది. చెవి డాక్టరు చప్పుడు ఏ దిక్కునుంచి వచ్చిందో చెప్పడంలో జిల్లాలో పేరున్నవాడు. కలం పట్టుకుని ఒక్క క్షణం విశేషాధికారి గారి వంక చూశాడు. "ధ్వని మంచము పరిసరములలో వెలువడినది" అని రాసి సంతకం చేశాడు. మంచానికి ఏ పక్కనో చెప్పమని ఫారంలో గడి లేదు. రెండో ఆయనా చేశాడు. చివరి గడి సర్జన్‌ది. "సదరు వాయువు సదరు రోగిదేనని ధ్రువీకరించడమైనది."

సువర్చల కలం ఆగింది. ఒక్క తప్పుడు అంకె రాయని చెయ్యి అది. అందుకే నలభై ఒక్కమంది అయినా నోరు విప్పకుండా కూర్చుంది. తవుడు వంక చూసింది. సూరమ్మ అరచేతి పైన అతని కళ్ళు రెండూ "నాది కాదమ్మా, మీకైనా తెలుసు గదా" అని నిజాయితీగా బతిమాలుతున్నాయి. ఎండిన పెదాలు సూరమ్మ చేతి కింద ఉన్నాయి. సువర్చల సంతకం పెట్టేసింది.

"ఖనిజ వైద్యపు ఫలితమును చెవులారా గ్రహించడమైనది" అని పీతాంబరరావు గారు సందర్శకుల పుస్తకంలో రాసి, కాస్త వేగంగానే గెస్టుహౌసుకు వెళ్ళారు.

పావుగంటలో అంబలి వచ్చింది. లక్క వేసిన గిన్నె విడుదల కాకపోతే సూరమ్మ వంటశాలలోనే రెండు గిన్నెల నిండా చేయించుకొచ్చింది. తవుడు మొదటి గుక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గొంతులోంచి దిగేదాకా తెరవలేదు. "ఉప్పు సాల్నేదే" అన్నాడు ఆ తర్వాత. సూరమ్మ ఆదివారం తర్వాత మళ్ళీ ఇప్పుడు నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సువర్చల కూడా అటు తిరిగి ముక్కు చీదుకుంది.

సగం గిన్నె అయ్యాక తవుడు ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు రెండో గిన్నె వైపు చూశాడు.

"డాట్రమ్మా, ఒక మాట. గాలి ఎవులికి పోతే ఆలికి కూడెట్టాల. అదే గదా మీ రూలు?"

"అదే బాబాయ్."

"గాలేమో ఆ బాబుది. కూడేమో నాను తింతన్నాను. నలబయ్యేళ్ళు బంతులొడ్డించినోణ్ణి, ఒకలి విస్తట్లోది నాను తినీనేను తల్లీ. ఈ రొండో గిన్ని ఆ బాబుకి అంపించీండి. పాపం పెద్దమనిషి, సిగ్గుకి నోరిప్పనేదు. మూతెట్టి అంపండి, వేడిగుంటాది."

అతను వేళాకోళమాడటం లేదు. సువర్చల అతని మొహంలోకి రెండుసార్లు చూసి నిర్ధారణ చేసుకుంది. ఆ తర్వాత గిన్నెకు మూత పెట్టి, ఉల్లిపాయ పక్కన పెట్టి, ధ్రువపత్రం నకలు ఒకటి మడిచి కింద ఉంచి, దానిమీద "నిబంధన ప్రకారం" అని రెండు ముక్కలు రాసి ఎస్తేరు చేతికిచ్చి గెస్టుహౌసుకు పంపింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని భయం వేసింది. అయినా పంపింది.

గురువారం పొద్దున్న ఉత్తర్వు వచ్చింది. ప్రథమ వాయు నిర్గమన మార్గదర్శకములు పరిపాలనాపరమైన కారణముల దృష్ట్యా తక్షణమే ఉపసంహరించడమైనది. ఇకమీదట రోగి సహాయకుల వాంగ్మూలమే తుది సాక్ష్యముగా పరిగణించవలెను. ఉత్తర్వుతో పాటు గిన్నె కూడా తిరిగొచ్చింది. ఖాళీగా, కడిగి.

సువర్చల నీలం పుస్తకం తెరిచి నలభై రెండో వరసలో రాసింది: బమ్మిడి తవుడు. ఆదివారం, ఉదయం ఆరూ నలభై. సాక్షి, భార్య సూరమ్మ. పుస్తకం మూయబోయి, మనసొప్పక, దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో వరస చేర్చింది.

బుధవారం, పదకొండూ ఇరవై రెండు. వేరే మనిషి. ఆపరేషన్ జరగలేదు. మెగ్నీషియం చూడలేదు. లెక్కలోకి రాదు.